అల్లుడుగారి గొంతు

ఫిన్నీ నావ అమ్మేశాడన్న సంగతి సంపూర్ణమ్మకి రేవులోకి దిగాక గానీ తెలియలేదు. ఒక చేతిలో అన్నం క్యారేజీ, ఇంకో చేతిలో వేపపిండి సంచి పట్టుకుని గట్టు దిగి చూస్తే, రోజూ కొబ్బరి మొదలుకి కట్టి ఉండే నావ లేదు. తెగిన తాడు ముక్క మాత్రం చెట్టుకి చుట్టుకుని ఉంది. అక్కడే వల బాగుచేసుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే చెప్పాడు.

"నిన్న సాయంత్రం ఎవరో వచ్చి పట్టుకుపోయారమ్మా. ఫిన్నీ రొయ్యల చెరువుల మీద పనికి కుదిరాడంట. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. మూడేళ్ళుగా రోజూ అవతలికి దింపుతున్న మనిషికి ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక ఉంటుంది.

ఎదురుగా గౌతమి పాయ. అవతల ఒడ్డున చింతల్లంక, పొద్దుటి ఎండలో అరటాకులు మెరుస్తూ చెయ్యి చాస్తే అందేటట్టు కనిపిస్తోంది. అక్కడ సంపూర్ణమ్మకి ఎకరం అరటితోట, గట్ల మీద బీర పాదులు, ఆనప పాదులు ఉన్నాయి. తోట పక్కనే పెంకుటింట్లో ఆమె ఆడపడుచు దేవకుమారి ఉంటుంది. నీళ్ళ మీద వెళితే పావుగంట. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలంటే ఒక బస్సు, రెండు ఆటోలు, ఆ తరవాత ఇసుకలో నడక. వెళ్ళేసరికి మధ్యాహ్నం, వచ్చేసరికి దీపాలవేళ. యాభై ఆరేళ్ళ మనిషి రోజూ చేసే పని కాదది.

కాసేపు మెట్టు మీద కూర్చుని, లేచి ఇంటికి వచ్చేసింది. వేపపిండి సంచి వసారాలో దింపుతూ మూల వైపు చూసింది. అక్కడ తాటి దుంగతో చేసిన స్టాండుకి బిగించి, పాత దుప్పటి కప్పి, పైన యూరియా సంచి తొడిగి ఉన్న ఇంజను నిలబడి ఉంది. నావ వెనక తగిలించే ఎనిమిది గుర్రాల ఇంజను. భర్త ఏసుపాదం పోయిన వారానికి దాన్ని నావ మీంచి విప్పించి తెచ్చి అక్కడ పెట్టించింది. తరవాత ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. నావని మాత్రం పెరట్లో బోర్లించింది. దాని కింద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఆ ఇంజనుకి ఆ ఇంట్లో ఒక పేరుండేది. అల్లుడుగారు.

కూతురు మెర్సీకి ఏడేళ్ళప్పుడు కొన్నారు దాన్ని, కాకినాడలో సముద్రం మీదికి వేటకెళ్ళే వాళ్ళ దగ్గర. అంతకుముందు ఏసుపాదం గడ వేసుకుని నడిపేవాడు, గాలి ఉంటే తెరచాప ఎత్తేవాడు. ఇంజను తెచ్చిన మొదటి వారంలోనే దానికి పట్టింపులు చాలా ఉన్నాయని తెలిసిపోయింది. లేవగానే కిరసనాయిలు పోస్తే పలకదు, ముందు పెట్రోలు పట్టించాలి. ఒళ్ళు వేడెక్కాకే కిరసనాయిలు మీదికి తిప్పాలి. ఆపే ముందు మళ్ళీ కాస్త పెట్రోలు పట్టించాలి, లేకపోతే మర్నాడు అలిగి కూర్చుంటుంది. ఉప్పునీళ్ళలోంచి వస్తే మంచినీళ్ళ స్నానం. పెట్రోల్లో కలిపే ఆయిలు కొంచెం తగ్గితే కోపం, కొంచెం ఎక్కువైతే ఊరంతా పొగ.

"లేవగానే కాఫీ, తరవాత భోజనం, పడుకునే ముందు మళ్ళీ కాఫీ, పైన స్నానానికి నీళ్ళు. ఇది ఇంజను కాదే సంపూర్ణా, మనింటికొచ్చిన అల్లుడుగారు" అన్నాడు ఏసుపాదం.

ఆ పేరు స్థిరపడిపోయింది. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారికి ఇవాళ ఒంట్లో బాగోలేదు, అల్లుడుగారు లంకలో ఉండిపోయారు. ఈ మాటలతోనే పదిహేనేళ్ళు గడిచాయి. మెర్సీకి పెళ్ళయి నిజం అల్లుడు కిరణ్ కుమార్ మొదటిసారి ఇంటికి వచ్చి వసారాలో పేపరు చదువుకుంటుంటే, రేవులోంచి ఏసుపాదం కేక వినిపించింది. "సంపూర్ణా, అల్లుడుగారికి నీళ్ళు బయటికి రావట్లేదే. ఓ ఇనప పుల్ల పట్రా, బొక్కలో పొడుద్దాం." ఆ కుర్రాడు పేపరు మడిచి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. ఇంజను వెనక చిన్న బెజ్జం ఉంటుందనీ, అందులోంచి నీటి ధార వస్తుంటేనే లోపల చల్లబడుతున్నట్టనీ అతనికి అర్థమయ్యేలా చెప్పేసరికి మెర్సీకి నవ్వి నవ్వి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఇప్పుడు ఆ మెర్సీ కాకినాడలో ల్యాబ్ టెక్నీషియను. సంపూర్ణమ్మ ఫోన్ చేసి, నావ తనే నడుపుతానంది.

"అమ్మా, ఆ ఇంజను బరువెంతో తెలుసా నీకు?"

"ముప్పై కిలోలు. పదేళ్ళప్పుడు నువ్వూ అంతే ఉన్నావు. జ్వరమొస్తే వానలో ఎత్తుకుని ఆసుపత్రికి తీసికెళ్ళాను."

"సరే, ఎత్తుతావు. బాగుచేసేది ఎవరు? మూడేళ్ళుగా పడుంది కదా."

అడిగాక మెర్సీకే అర్థమైంది. ఆ చుట్టుపక్కల ఆ పాత ఇంజన్ల పని తెలిసినవాడు ఒక్కడే.

"శాంతికుమార్ మావయ్య దగ్గరికా? నాన్న ఉంటే ఒప్పుకునేవారా?"

"మీ నాన్న ఉంటే నేనెందుకు వెళ్తానే" అంది సంపూర్ణమ్మ.

శాంతికుమార్, ఏసుపాదం ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చుని ఐదో తరగతి తప్పినవాళ్ళు. ఒకడు నీళ్ళ మీదికి పోయాడు, ఒకడు మెకానిక్కయ్యాడు. కాకినాడలో ఆ ఇంజను తాడు లాగి, చెవి ఒగ్గి విని, "తీసుకోరా, నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది" అన్నది శాంతికుమారే. పదకొండేళ్ళ క్రితం క్రిస్మస్ ముందు దాన్ని సర్వీసుకని అతని షెడ్డులో మూడు రోజులుంచారు. తెచ్చి బిగించి పాయ సగం దాటాడో లేదో, ఏసుపాదం మొహం మాడిపోయింది.

"ఇది మన అల్లుడి గొంతు కాదే" అన్నాడు.

నెమ్మది మీద పెడితే తడబడుతోందన్నాడు. ఒక్కసారి పెంచితే గుటకేసినట్టు ఆగి, అప్పుడు అందుకుంటోందన్నాడు. కార్బురేటరు మార్చేశాడు శాంతిగాడు అన్నాడు. జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక, చర్చి ఆవరణలో అందరూ కేకు తింటుంటే, ఆ మాట శాంతికుమార్ మొహం మీదే అనేశాడు. బైబిలు మీద చెయ్యేసి చెప్పమన్నాడు. శాంతికుమార్ పాలిపోయాడు. "నన్ను నమ్మనోడికి ప్రమాణం దేనికి?" అని, చేతిలో కేకు ముక్క పిట్టగోడ మీద పెట్టి వెళ్ళిపోయాడు. సంఘంలో అందరూ ఏసుపాదాన్నే తప్పుపట్టారు. అంత పాత స్నేహితుణ్ణి పట్టుకుని పండగపూట దొంగ అంటాడా అన్నారు.

సంపూర్ణమ్మ కూడా తప్పుపట్టింది. ఆమె చెవికి ఇంజను ఎప్పటిలాగే వినిపించింది. నీ చెవులకే ఏదో అయిందని ఆరు నెలలు పోరి, చివరికి కాకినాడలో చెవి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళింది. ఆయన గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, బటన్లు నొక్కించి, "ఇరవయ్యేళ్ళ కుర్రాడి చెవులండి ఈయనవి" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఏసుపాదం ఆ కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చూశావా అని కూడా అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి. కొత్త కార్బురేటరు వేయించుకోమంటే, "నాది ఒకటుంది. వాడు తెచ్చిస్తే వేసుకుంటాను" అని మొండికేశాడు. ఆ తడబాటుతోనే ఎనిమిదేళ్ళు లంకకీ రేవుకీ తిరిగాడు. ప్రతి ఆదివారం ఇద్దరూ అదే చర్చికి వచ్చేవారు. ఒకరు కిటికీ పక్కన, ఒకరు గుమ్మం పక్కన. ఏసుపాదం గుండె ఆగి పోయిన రోజున శాంతికుమార్ సమాధుల తోట గేటు దాకా వచ్చాడు. లోపలికి రాలేదు.

మెర్సీకి ఫోన్ చేసిన మర్నాడు సంపూర్ణమ్మ ఇంజనుని ఆటోలో నిలబెట్టి, పడకుండా రెండు చేతులా కావలించుకుని, యానాం రోడ్డులో కాలవ గట్టు మీదున్న షెడ్డుకి తీసుకుపోయింది.

శాంతికుమార్ స్టూలు మీద కూర్చుని ఏదో పంపుసెట్టు విప్పుతున్నాడు. ఆటోలోంచి దిగుతున్న దాన్ని ముందు చూశాడు, ఆమెని తరవాత చూశాడు. లేచి చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే ఉన్నాడు.

"బాగున్నావా చెల్లెమ్మా" అన్నాడు చివరికి.

"బాగున్నానండి అన్నయ్యగారు. ఇది మళ్ళీ తిరగాలి. నేను నేర్చుకుని నడుపుకుంటాను."

అతను ఎందుకనీ, ఎలాగనీ అడగలేదు. ఇంజనుని స్టాండుకెత్తి, పైమూత తీసి, తాడు మెల్లిగా లాగి చూశాడు. "బిగువు బానే ఉంది" అన్నాడు. అతను పని చేస్తుంటే ఆమె పక్కనే నిలబడి ప్రతిదీ అడిగింది, అతను ప్రతిదీ చూపించాడు. ప్లగ్గు తీసి దాని మూతికి పట్టిన మసి చూపించాడు. అడుగున చిన్న మర విప్పి గేరు ఆయిలు రెండు చుక్కలు వేలి మీద వేసుకుని, "ఇది పాలు పోసిన కాఫీలా ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టు. నల్లగా ఉంది కదా, మంచిదే" అన్నాడు. నీళ్ళు తోడే రబ్బరు చక్రం బయటికి తీస్తే దాని రెక్కలు ఎండిన అప్పడాల్లా పుటుక్కుమని విరిగాయి. "ఇది రెండేళ్ళకోసారి మార్చెయ్యాలి. ఇది పోతే ఇంజను కాలిపోద్ది."

తరవాత కార్బురేటరు మీదికి వచ్చాడు. స్పానరు పెట్టి ఒక మర తిప్పాడు. రెండోది తిప్పలేదు. కళ్ళజోడు తీసి నుదుటి మీదికి నెట్టుకున్నాడు.

"ఇది రేపు చూద్దాం. రేపు రామ్మా" అన్నాడు.

మర్నాడు ఆమె వెళ్ళేసరికి షెడ్డు ఊడ్చి ఉంది. ఆమె కోసం ఒక కుర్చీ వేసి ఉంది. పని బల్ల మీద సామాన్లేవీ లేవు, చిన్న అట్టపెట్టె ఒకటుంది. అట్ట అంచులు చెదలు కొట్టి, పైన అక్షరాలు వెలిసిపోయాయి.

"ఇది ఏసుపాదానిది" అన్నాడు శాంతికుమార్.

ఆమెకి అర్థం కాలేదు.

"ఆడి ఇంజనులోది కాదమ్మా. ఆడికోసం తెప్పించింది. ఆడి కార్బురేటరు నేనే తీసి వేరే మనిషికి ఇచ్చేశాను. ఆ రోజు ఆడు చెప్పింది నిజం."

సంపూర్ణమ్మ కుర్చీలో కూర్చుంది. అతను నిలబడే చెప్పాడు.

"మీది నా దగ్గరున్న రెండో రోజున సముద్రం పక్క నుంచి ఒకతనొచ్చాడు. తమ్ముడు వేటకెళ్ళి రెండ్రోజులైందంట, రాలేదంట. వెతకడానికి పోతే ఇతని ఇంజను మొరాయించింది. మీదానిలాంటిదే. కార్బురేటరు పూర్తిగా అరిగిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావాలి. ఆ మనిషి ఇదిగో, ఇక్కడే కూలబడి ఏడుస్తున్నాడు. ఏసుపాదానిది విప్పి, కడిగి, బల్ల మీద పెట్టి ఉంది. తీసి ఇచ్చేశాను. అతని పాతదాన్ని తోమి మీదానికి బిగించాను. కొత్తది రాగానే మార్చేద్దాం, ఆడికి తెలీదులే అనుకున్నాను."

"ఆయన్ని అడిగితే ఇవ్వననేవారా?"

"అదేనమ్మా నా ఏడుపు. అడిగితే ఆడే విప్పిచ్చి, వెతకడానికి తోడు కూడా పోయేవాడు. ఫోన్ చేశాను, లంకలో ఉన్నాడు, కలవలేదు. తరవాత చెబుదాంలే అనుకున్నాను. ఈలోగా ఆడు కనిపెట్టేశాడు. గంటలో కనిపెట్టేశాడు. పదిమందిలో దొంగ అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఆ పూట ఒప్పుకోనోణ్ణి మర్నాడు ఎలా ఒప్పుకుంటాను? నెలకి కొత్తది వచ్చింది. తీసికెళ్ళి ఇస్తే దొంగనేనని చెప్పినట్టు. అలా వారం, అలా నెల."

షెడ్డు బయట కాలవలో ఎవరో బట్టలు బాదుతున్నారు. ఆ చప్పుడు కొంతసేపు వింది సంపూర్ణమ్మ.

"ఆ తమ్ముడు దొరికాడా?" అని అడిగింది.

శాంతికుమార్ నవ్వాడో, ఏడ్చాడో తెలియలేదు. "ఇతను నా దగ్గర ఏడ్చేసరికే వేరే బోటువాళ్ళు కుర్రాణ్ణి తెచ్చి కాకినాడ హార్బర్లో దింపారంట. అక్కడ టీ తాగుతున్నాడంట. ఇతను పూటంతా ఉత్తినే తిరిగొచ్చాడు."

సంపూర్ణమ్మ తనకి కోపం వస్తుందనుకుంది. రావలసిన కోపం సగం దారిలోనే ఆగిపోయింది. బస్సు కిటికీ పక్కన కూర్చుని కాయితం మడతపెడుతున్న వేళ్ళు గుర్తొచ్చాయి. ఎనిమిదేళ్ళపాటు ప్రతి పొద్దున్నా నావ కదిలేటప్పుడు ఏసుపాదం తల కొంచెం వంచి వినేవాడు. వింటున్నాడని తెలిసి, తను కావాలని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది.

"నేను ఆయన్ని చెవి డాక్టరు దగ్గరికి తీసికెళ్ళానన్నయ్యగారూ" అంది.

శాంతికుమార్‌కి ఆ సంగతి తెలియదు. తల దించుకున్నాడు. తరవాత ఆమే అంది.

"నాకు చెప్పి ఏం లాభం? ఆయన మాట పడింది పదిమందిలో."

"తెలుసమ్మా. ఆదివారం చెప్తాను."

"సరే. ముందు అది బిగించండి. ఎలా ఉంటుందో నేను వినాలి."

పెట్టె విప్పితే లోపల నూనె కాయితంలో కార్బురేటరు నిన్న చేసినట్టుంది. అతను దాన్ని బిగించి, ఇంజనుని నీళ్ళ డ్రమ్ములోకి దించి, తాడు లాగాడు. నాలుగోసారికి అందుకుంది. ముందు తెల్లటి పొగ, దగ్గు, ఆ తరవాత సర్దుకుంది. అతను వేగం తగ్గించి నెమ్మది మీద వదిలేశాడు.

పిండి మెత్తగా పడుతున్న తిరగలి లాగా ఒక్క తీరుగా తిరుగుతోంది. ఎక్కడా తడబాటు లేదు. తనకి తేడా తెలియదనుకుంది ఇన్నాళ్ళూ. తెలిసింది. మెర్సీ స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని నావ ముందు కూర్చునే రోజులు, నీళ్ళలో చెయ్యి పెట్టొద్దే అని తను అరిచే రోజులు, ఆదివారాలు లంక నుంచి పదిమంది తెల్లబట్టలు కట్టుకుని పాటలు పాడుకుంటూ చర్చికి వచ్చే రోజులు, అన్నిటి వెనకా ఈ చప్పుడే ఉంది. పాట ఆగినా ఇది ఆగేది కాదు. సంపూర్ణమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శాంతికుమార్ అటు తిరిగి, అవసరం లేకపోయినా డ్రమ్ములో ఇంకో బకెట్టు నీళ్ళు పోశాడు.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు పాస్టరుగారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. గుమ్మం పక్క నుంచి శాంతికుమార్ లేచాడు. మాట్లాడింది రెండు నిమిషాలు కూడా కాదు. ఫలానా సంవత్సరం ఏసుపాదంగారు నా మీద వేసిన నింద నింద కాదు, నిజం. ఆయన ఇంజనులోంచి కార్బురేటరు నేను తీశాను. ఆయన బతికుండగా ఒప్పుకోలేకపోయాను. అంతే చెప్పాడు. సముద్రం మనిషి గురించి, అతని తమ్ముడి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చెబితే జనం జాలిపడేవారు, అందుకే చెప్పలేదని సంపూర్ణమ్మకి తెలుసు. చాప మీద ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఆమె మొహంలోకి చూశారు. ఆమె పాటల పుస్తకం తీసి తరవాతి పాట పేజీ వెతుక్కుంది.

సోమవారం నుంచి చదువు మొదలైంది. పెరట్లో నావని వెల్లకిలా తిప్పి, కోళ్ళని తరిమి, రేవులో దింపారు. శాంతికుమార్ ముందు పక్క కూర్చునేవాడు, ఆమె వెనక ఇంజను దగ్గర.

"ఇప్పుడు కిరసనాయిలు దొరకట్లేదు గానీ, నీ తోట దాకా పెట్రోలే చాలు. ముందు గేరు న్యూట్రల్లో ఉందో లేదో చూడు. అది చూడకుండా లాగితే నువ్వు నీళ్ళలో ఉంటావు, నావ యానాంలో ఉంటది. పెట్రోలు గొట్టం మధ్యలో రబ్బరు బంతిని గట్టిపడేదాకా నొక్కు. చోక్ లాగు. తాడు ముందు మెల్లిగా, బిగువు తగిలాక ఒక్క లాగుడు."

మొదటి రోజు ఇరవై సార్లు లాగితే గానీ అంటుకోలేదు. రాత్రికి భుజం వాచి, మర్నాడు జడ వేసుకోవడానికి చెయ్యి లేవలేదు. రెండో రోజు అంటుకుంది గానీ నావ ఎటు పొమ్మంటే దానికి ఎదురు పోయింది. చెయ్యి ఎడమకి తిప్పితే నావ కుడికి పోతుంది. వల కర్రల్లోకి తీసుకుపోయి ఇరికించింది.

"అటు కాదమ్మా, ఎదురు తిప్పాలి."

"నేను అనుకున్నదానికి ఎదురా?"

"మా ఏసుపాదంతో ముప్పై ఏళ్ళు ఎలా నెగ్గుకొచ్చావు? అలాగే. నీకు కావలసినదానికి ఎదురు చెబితే ఆడు కావలసిన దారిలోకి వచ్చేవాడు కదా."

సంపూర్ణమ్మ నవ్వింది. ఆ పేరు ఆ మనిషి నోట మామూలుగా రావడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

తిప్ప ఎక్కడుందో నీటి మీద మెరుపు చూసి చెప్పడం నేర్చుకుంది. నీళ్ళు పలచగా తళుక్కుమంటే అడుగున ఇసుక. వేగం తగ్గించి ఇంజనుని పైకి లేపాలి. గాలికి కెరటం లేస్తే ఎదురు పోకూడదు, నావ పక్కనీ దానికి ఇవ్వకూడదు, ఏటవాలుగా ఎక్కాలి. వెనక నీటి ధార సన్నబడితే వెంటనే ఆపాలి. శనివారం మెర్సీ, కిరణ్ కుమార్ వచ్చి నారింజరంగు లైఫ్ జాకెట్టు ఒకటి ఇచ్చి, అది వేసుకోకుండా నీళ్ళ మీదికి వెళితే ఇంజను పట్టుకుపోయి కాకినాడలో పెట్టుకుంటామన్నారు. చీర మీద దాన్ని తొడుక్కుంటే రేవులో ఆడవాళ్ళు పనులాపి చూశారు. రెండు రోజులు చూసి మానేశారు.

పదో రోజు పొద్దున్న శాంతికుమార్ గట్టు మీదే నిలబడ్డాడు.

"ఎక్కండి" అంది.

"నాకు షెడ్డులో పనుంది" అన్నాడు అతను. తాడు విప్పి నావని కాలితో నెట్టాడు.

ఆమె ఒక్కతే దాటింది. పాయ మధ్యలోకి వచ్చింది. నీళ్ళు అంత వెడల్పుగా ఎప్పుడూ కనిపించలేదు. ఇన్నేళ్ళూ ఆమె నావలో వెనక్కి తిరిగి, నడిపే మనిషిని చూస్తూ కూర్చునేది. ముందుకి చూస్తూ వెళ్ళడం ఇదే మొదలు. ఒడ్డు దగ్గరపడ్డాక వేగం తగ్గించింది. లంక గట్టు మీద ఎవరో నిలబడి ఉన్నారు. డెబ్భై రెండేళ్ళ దేవకుమారి, చేతికర్ర లేకుండా, చెప్పులు లేకుండా, కాళ్ళకి బురదతో.

నావ ఇసుకకి ఆనింది. ఆమె తాడు అందుకోలేదు. నావలోకి చూస్తూ నిలబడింది.

"నువ్వొక్కదానివేనా?" అంది.

"నేనొక్కదాన్నే వదినా."

"దొడ్లో ఉన్నాను. చప్పుడు వినపడింది. తమ్ముడొస్తున్నాడనుకున్నాను." తనలో తనే అనుకుంటున్నట్టు అంది. "చివర్న కొన్నేళ్ళు ఆ ఇంజను చప్పుడు మారిపోయింది. వాడికి చెప్పలేదు నేను. అందరూ వాడిదే తప్పంటుంటే, నాకూ పెద్దతనం వచ్చి అలా వినపడుతోందేమో అనుకున్నాను."

సంపూర్ణమ్మ నావ దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, మొత్తం చెప్పింది. చెవి డాక్టరు సంగతి కూడా చెప్పింది. దేవకుమారి అంతా విని, "మనిద్దరం ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే సరిపోయేది" అంది. అంతకంటే ఎవరినీ ఏమీ అనలేదు. అన్నం పెట్టింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అరటి పిలకలు తీశారు. వెళ్ళేటప్పుడు, తమ్ముడు పోయాక లంక దాటని ఆ మనిషి అడిగింది.

"ఆదివారం నన్ను చర్చికి తీసుకెళ్తావా?"

ఆదివారానికి కొత్తనీరు వచ్చేసింది. పాయ రంగు మారి, ఎగువ నుంచి గుర్రపుడెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తోంది. సంపూర్ణమ్మ పెందలాడే వెళ్ళి ఆడపడుచుని ఎక్కించుకుంది. దేవకుమారి ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, బైబిలుకి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని ముందు కూర్చుంది. పాయ మధ్యలో ఇంజను ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. డెక్క ఇంజను అడుగున తిరిగే ఫ్యానుకి చుట్టుకుంది. నావ వాలుకి మెల్లిగా పక్కకి జరగసాగింది.

"ఏంటి, ఏమైంది?" అంది దేవకుమారి.

"ఏం లేదు వదినా. కూర్చో, లేవకు."

గేరు న్యూట్రల్లో పెట్టి, ఇంజనుని పైకి లేపి, వంగి, కొడవలితో కాడలు ఒక్కొక్కటే కోసింది. జాకెట్టు మెడ దగ్గర నొక్కుకుంటోంది. మోచేతుల దాకా చేతులూ, కట్టుకున్న మంచి చీరా బురదయ్యాయి. చర్చి గంట అప్పటికే వినిపిస్తోంది.

"ఆలస్యమైపోయింది" అంది దేవకుమారి.

"కానీలే."

చివరి కాడ తెంపి నీళ్ళలో పారేసి, ఇంజనుని కిందికి దించింది. తాడు ఒకసారి లాగితే ఉత్తినే తిరిగింది. రెండోసారి దగ్గింది. మూడోసారి అందుకుంది. కొట్టుకుపోయిన దూరమంతా వెనక్కి ఎక్కుతూ, ఎదురు నీటికి ఏటవాలుగా నావని తిప్పి, సంపూర్ణమ్మ వేగం పెంచింది. దేవకుమారి ఒక చేత్తో నావ అంచు, ఒక చేత్తో బైబిలు పట్టుకుని, నీటి తుంపర్లు మొహాన పడుతుంటే కళ్ళు మూసుకుంది.

వాళ్ళు చర్చిలోకి అడుగుపెట్టేసరికి రెండో పాట అయిపోయింది. వెనక చాప మీద ఇద్దరికి చోటు దొరికింది.